లైసెన్సుతో కొట్టిన చిరుత చెన్నైలో దిగితే?

పీలేరు నుంచి వెళ్లి నమీబియాలో ఉద్యోగం చేసుకుంటున్న ఒకాయన ఉన్నాడనుకుందాం. అక్కడ డబ్బు కట్టి, ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సుతో, గైడును వెంటబెట్టుకుని చిరుతను కొట్టాడు. తోలు ఆరబెట్టించి, తలకు గాజు కళ్లు పెట్టించి, సొంతూళ్లో కట్టుకున్న ఇంటి హాల్లో గోడకు బిగించాలనుకున్నాడు. రసీదులున్నాయి, లైసెన్సుంది, దొంగతనం లేదు. మరి ఆ పెట్టె చెన్నై విమానాశ్రయంలో దిగితే కస్టమ్స్ వాళ్లు వదులుతారా?

‘లైసెన్సు ఉంది కదా, ఎందుకు వదలరు?’ అంటారు చాలామంది. ఆ లైసెన్సు ఒక్క ప్రశ్నకే జవాబిస్తుంది: చిరుతను చంపడం అక్కడి చట్టప్రకారమే జరిగిందా అని. అది దేశం దాటవచ్చా అన్నది రెండో ప్రశ్న. దానికి అంతర్జాతీయ ఒప్పందం జవాబు చెప్పాలి. దిగే దేశం దాన్ని లోపలికి రానిస్తుందా అన్నది మూడోది. దానికి ఆ దేశపు చట్టమే దిక్కు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్లే వేట ట్రోఫీల మీద, అంటే వేటాడిన జంతువు తల, తోలు, కొమ్ము, దంతం లాంటి వాటి మీద వాదన ఎప్పుడూ తెగదు. ఒకరు అది చట్టబద్ధమైన వేట అంటారు, మరొకరు నిషిద్ధ సరుకు అంటారు. ఇద్దరి మాటా నిజం కావచ్చు.

తిరుపతివాళ్లకు ఆ అంతర్జాతీయ ఒప్పందం కొత్తదేమీ కాదు. పేరు వినకపోయినా దాని పని ఏళ్ల తరబడి పేపర్లో చదువుతూనే ఉన్నారు. శేషాచలం, వెలిగొండ, పాలకొండల్లో సహజంగా పెరిగే ఎర్రచందనం 1995 నుంచి సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. అంతరించే ప్రమాదమున్న జంతువులు, మొక్కలు దేశాల మధ్య చేతులు మారడాన్ని అదుపు చేసే ఒప్పందం ఇది. దుంగ కరకంబాడి దగ్గర పట్టుబడితే అది మన అటవీ చట్టం కేసు. అదే దుంగ చెన్నై రేవు దాటి ఎక్కడో విదేశీ రేవులో పట్టుబడితే, ఎగుమతి పర్మిట్ చూపించమని అక్కడి అధికారులు అడగడానికి ఆధారం ఈ ఒప్పందమే. చెట్టుకైనా చిరుతకైనా అదే పద్ధతి.

సైటిస్ 1973 మార్చి 3న వాషింగ్టన్‌లో కుదిరింది. 1975 జులై 1 నుంచి అమల్లో ఉంది. భారత్ 1976లో చేరింది. ఇవాళ 180కి పైగా దేశాలు అందులో ఉన్నాయి. వేటాడటం తప్పా ఒప్పా అన్న జోలికి అది పోదు. ప్రాణితో, దాని తోలుతో, కొమ్ముతో, దంతంతో దేశాల మధ్య జరిగే రవాణానే చూస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోకపోతే తరవాతి గందరగోళం అర్థం కాదు.

ఆ ఒప్పందానికి మూడు అనుబంధాలు, అంటే జాబితాలు. ఇక్కడ మనకు కావాల్సినవి మొదటి రెండు. మొదటి దానిలో పులి, ఆసియా ఏనుగు, చిరుత లాంటివి ఉన్నాయి. వీటితో వ్యాపారం కుదరదు. అయితే వేటగాడు తన ఇంట్లో పెట్టుకోవడానికి తీసుకెళ్లే ట్రోఫీని వ్యాపార సరుకుగా లెక్కించరు. పర్మిట్లు ఉంటే అది దాటవచ్చు. ఈ వెసులుబాటు దగ్గరే అసలు తగువంతా మొదలైంది. మొదటి అనుబంధం జంతువైతే రెండు పర్మిట్లు కావాలి: దిగుమతి చేసుకునే దేశం ముందు ఇవ్వాలి, అది చూశాకే ఎగుమతి చేసే దేశం తనది ఇవ్వాలి. రెండో అనుబంధంలో ఆఫ్రికా సింహం ఉంది. బోట్స్వానా, నమీబియా, దక్షిణాఫ్రికా, జింబాబ్వే దేశాల ఏనుగులూ ఉన్నాయి. వీటికి ఒప్పందం ప్రకారం ఎగుమతి పర్మిట్ ఉంటే చాలు. మిగతా ఆఫ్రికా దేశాల ఏనుగులు మొదటి దానిలోనే ఉన్నాయి. ఒకే జంతువు, సరిహద్దుకు అటు ఒక నిబంధన, ఇటు ఒక నిబంధన.

చిరుతకు దేశాలవారీగా కోటాలున్నాయి. కోటా కింద కొట్టిన ప్రతి తోలుకూ ఒకసారి బిగిస్తే ఊడిరాని ట్యాగు వేయాలి. దాని మీద దేశం పేరు, సంవత్సరం, ఆ ఏటి కోటాలో ఇది ఎన్నో తోలు అన్న సంఖ్య ఉండాలి. ఒక మనిషి ఏడాదికి రెండు తోళ్లకు మించి తీసుకెళ్లకూడదు. ఏనుగు దంతమైతే అచ్చుపోటుతో గుర్తు కొడతారు: దేశానికి రెండక్షరాల సంకేతం, సంవత్సరంలో చివరి రెండంకెలు, వరస సంఖ్య, కిలోల్లో బరువు. కస్టమ్స్ అధికారి చేతిలోని కాగితం మీద ఉన్న అంకె, దంతం మీద ఉన్న అంకె ఒకటి కాకపోతే ఆ కాగితం చెల్లదు.

ఇంత కట్టుదిట్టం ఉన్నా, మొత్తం కోటా ఒక లెక్క మీద నిలబడి ఉంటుంది: అడవిలో ఎన్ని ఉన్నాయి, వాటిలో ఎన్ని పోతే జాతికి నష్టం ఉండదు అన్న లెక్క. సైటిస్‌లో ఈ నిర్ధారణను ప్రతి దేశంలోని శాస్త్రీయ సంస్థ ఇవ్వాలి. చిరుత విషయంలో అది ఎంత కష్టమో మనకు వేరే చెప్పాలా? 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిన్నపిల్లను చిరుత పొట్టన పెట్టుకున్న తరవాత ఆ కొండ మీద కెమెరాలు పెట్టారు, బోనులు పెట్టారు, ఒకటి పట్టుబడ్డాక ఇంకొకటి కనబడింది. రోజూ వేలమంది భక్తులు నడిచే దారి పక్కనే ఇంత గుట్టుగా బతికే జంతువును, దేశం మొత్తం మీద లెక్కగట్టి ఇన్ని కొట్టవచ్చు అనడం చిన్న సాహసం కాదు. అందుకే కోటా అంకె చూడగానే నేను నమ్మను. ఆ అంకె వెనక అడవిలో ఎవరు ఎలా లెక్కపెట్టారన్నదే నాకు ముఖ్యం.

దిగే దేశం చెప్పే మాటే చివరి మాట

సైటిస్ 14వ అధికరణం ఒక సంగతి స్పష్టంగా చెబుతుంది: ఏ దేశమైనా ఒప్పందం కంటే కఠినమైన చట్టం పెట్టుకోవచ్చు. ఒప్పందం వేసేది పునాది మాత్రమే, దాని మీద గోడ ఎంత ఎత్తుకైనా కట్టుకోవచ్చు. వేట ట్రోఫీల మీద గత పదేళ్లలో జరిగిన గొడవంతా ఈ గోడ ఎత్తు గురించే.

అమెరికాను తీసుకుంటే, 1973 నాటి అంతరించే జాతుల చట్టం అడిగే ప్రశ్నే వేరు. సైటిస్ ‘దీనివల్ల జాతికి నష్టం లేదు కదా?’ అని అడుగుతుంది. అమెరికా చట్టం, అంతరించే జాతి విషయంలో, ‘దీనివల్ల ఆ జాతి మనుగడకు మేలు జరుగుతుందా?’ అని అడుగుతుంది. వినడానికి రెండూ ఒకేలా ఉన్నా మధ్య ఆమడ దూరం ఉంది. నష్టం లేదని చెప్పడానికి లెక్క చాలు. మేలు జరిగిందని చెప్పాలంటే వేటగాడు కట్టిన డబ్బు ఎటు పోయిందో, దానితో అడవి కాపలా పెరిగిందో లేదో, పల్లెవాళ్లకు ఏమి ముట్టిందో చూపించాలి.

2015 జులైలో జింబాబ్వేలో సెసిల్ అనే సింహం చనిపోయినప్పుడు ఈ తేడా లోకానికి తెలిసొచ్చింది. హ్వాంగే నేషనల్ పార్క్‌లో తిరిగే ఆ సింహం మెడకు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కట్టిన కాలర్ ఉంది. పార్క్ హద్దు బయట ఒక అమెరికన్ దాన్ని వేటాడాడు. ప్రపంచమంతా భగ్గుమంది. కానీ అతని కాగితాలు సరిగానే ఉన్నాయని జింబాబ్వే ప్రభుత్వం అదే ఏడాది అక్టోబరులో తేల్చింది, కేసు పెట్టలేదు. ఆ డిసెంబరులో అమెరికా ఆఫ్రికా సింహాలను తన రక్షిత జాబితాలో చేర్చింది. ఆ తరవాత సింహం తల అమెరికా చేరాలంటే జింబాబ్వే కాగితం ఒక్కటే చాలదు. పలు అమెరికన్ విమాన సంస్థలు 2015 ఆగస్టులో సింహం, ఏనుగు, ఖడ్గమృగం, చిరుత, అడవిదున్న ట్రోఫీలను ఎక్కించుకోబోమని ప్రకటించాయి. చట్టం ఒప్పుకున్నా మోసుకెళ్లేవాడు ఒప్పుకోకపోతే పెట్టె కదలదు.

ఏనుగుల విషయంలో అమెరికా మాట మార్చుకుంటూ వచ్చింది. 2014లో టాంజానియా, జింబాబ్వే ఏనుగు ట్రోఫీలను ఆపింది. 2017లో జింబాబ్వే ట్రోఫీలకు తలుపు తెరిచింది, జనం మండిపడేసరికి వెనక్కు తగ్గింది, 2018 నుంచి ఒక్కో దరఖాస్తునూ విడిగా చూస్తామంది. 2024లో నిబంధనలు బిగించి, ఏనుగులున్న దేశం తన ఏనుగుల స్థితి గురించి ఏటా ధ్రువీకరించాలని షరతు పెట్టింది. ఇన్ని మలుపులు చూశాక ఒక సంగతి అర్థమవుతుంది. అక్కడ వేట ఆగినా సాగినా, ఆఫ్రికా అడవిలో ఏనుగు భవిష్యత్తు వాషింగ్టన్ కార్యాలయంలో సంతకం మీద ఆధారపడి ఉంది.

ఐరోపాలో ఎవరి దారి వాళ్లది. 2015 నుంచి ఐరోపా సంఘం ఆఫ్రికా సింహం, ఆఫ్రికా ఏనుగు, నీటిగుర్రం, ధ్రువపు ఎలుగు లాంటి వాటి ట్రోఫీలకు దిగుమతి పర్మిట్ కూడా తప్పనిసరి చేసింది. అదే ఏడాది ఫ్రాన్స్ సింహం ట్రోఫీలను నిషేధించింది. నెదర్లాండ్స్ 2016లో చాలా జాతులకు తలుపులు మూసింది. బెల్జియం 2024లో చట్టం చేసింది. బ్రిటన్‌లో దిగుమతి నిషేధ బిల్లు 2023 మార్చిలో కామన్స్ సభ దాటింది, లార్డ్స్ సభలో సవరణల సుడిలో చిక్కి ఆగిపోయింది.

పలమనేరు రైతుకు అర్థమయ్యే కోపం

ఈ నిషేధాలు చూసి ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగంలోని దేశాలు ఎందుకు అంత కోపం తెచ్చుకున్నాయో తెలియాలంటే ఒకసారి కౌండిన్య అభయారణ్యం అంచు పల్లెలకు వెళ్లాలి. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు వచ్చి పలమనేరు, కుప్పం వైపు స్థిరపడ్డాయి. అప్పటి నుంచి అక్కడ రైతు నిద్ర కాపలాతోనే. కోతకొచ్చిన చెరకు, గెల వేసిన అరటి, కాయ పట్టిన మామిడి ఒక్క రాత్రిలో పోతాయి. టమోటా తోటలో డ్రిప్పు పైపులు ముక్కలవుతాయి. కందకాలు తవ్వారు, సోలార్ తీగలు కట్టారు, 2025లో కర్ణాటక నుంచి కుంకీలను, అంటే అడవి ఏనుగులను తరిమేందుకు తర్ఫీదు ఇచ్చిన ఏనుగులను తెప్పించారు. ప్రాణాలు పోయిన కుటుంబాలూ ఉన్నాయి. ఆ పొలాల గట్టు మీద నిలబడి ‘ఏనుగు ఎంత ముద్దుగా ఉందో’ అనగలిగేవాడు ఉండడు. ఏనుగు బతకాలని కోరుకునే రైతు కూడా తన పంట ఎవరు కట్టిస్తారని అడుగుతాడు. ఆ అడగడం న్యాయం.

బోట్స్వానాలో సుమారు 1,30,000 ఏనుగులున్నాయి. 2014లో ఆ దేశం వేట ఆపింది, 2019లో మళ్లీ అనుమతించింది. జర్మనీ ట్రోఫీల దిగుమతిని బిగించాలని చూసినప్పుడు, 2024 ఏప్రిల్‌లో బోట్స్వానా అప్పటి అధ్యక్షుడు మసీసీ 20,000 ఏనుగులను మీ దేశానికి పంపిస్తాం, వాటితో కలిసి బతికి చూడండి అన్నారు. మాట కటువుగా ఉన్నా దానిలోని బాధ పలమనేరులో రోజూ వినబడేదే.

వేటకు అనుకూలంగా చెప్పేవాళ్ల చేతిలో గట్టి ఉదాహరణలూ ఉన్నాయి. పాకిస్తాన్ కొండల్లో మెలికల కొమ్ముల అడవి మేక మార్ఖోర్. అది మొదటి అనుబంధం జంతువు. 1997లో దాని వేటకు చిన్న కోటా ఇచ్చారు, తరవాత ఏడాదికి 12కు పెంచారు. లైసెన్సు డబ్బులో 80 శాతం పల్లెలకు వెళ్లేలా పద్ధతి పెట్టారు. కొండ జనమే కాపలా కాశారు. మందలు పెరిగాయి, 2015లో ప్రకృతి సంరక్షణ అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అంతరించే ప్రమాదమున్న వర్గం నుంచి తక్కువ ప్రమాద వర్గానికి మార్చింది. నమీబియాలో 80కి పైగా గ్రామ సంరక్షణ క్షేత్రాలకు వేట రాబడి ఒక ఆదరువు. నల్ల ఖడ్గమృగాలను ఏడాదికి ఐదేసి చొప్పున కొట్టేందుకు 2004లో సైటిస్ నమీబియాకు, దక్షిణాఫ్రికాకు కోటా ఇచ్చింది. ముసలి మగవి కుర్ర మగవాటిని దగ్గరికి రానివ్వక పొడిచి చంపుతాయి, వాటిని తీసేస్తే సంతతి పెరుగుతుందన్నది అక్కడి వాదన. 2014 జనవరిలో డల్లస్‌లో అలాంటి ఒక్క లైసెన్సు 3,50,000 డాలర్లకు పోయింది.

ఈ ఉదాహరణలను కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. మార్ఖోర్ బతికింది, అది నిజం. అలాగే దక్షిణాఫ్రికాలో కంచెల మధ్య పుట్టించి, పెంచి, కంచె లోపలే కాల్చే సింహాల వ్యాపారం కూడా నిజం. ఆ పెంపుడు సింహాల ట్రోఫీలతో అడవి సింహానికి మేలు లేదని 2016లో అమెరికా వాటికి తలుపు మూసింది. రెండూ ఒకే లైసెన్సు పేరుతో నడుస్తాయి. దిగుమతి చట్టం పని ఈ రెంటినీ విడదీయడం. అన్నిటికీ ఒకటే తాళం వేస్తే పాలకులకు సులువు, కానీ కొండ జనం కాపలా మానేసే ప్రమాదం ఉంది. అన్నిటికీ తలుపు తెరిస్తే కంచె సింహాల వ్యాపారికి పండగ. నిషేధం పెట్టే దేశం ఆ పల్లెలకు పోయే రాబడి స్థానంలో ఏమి ఇస్తుందో కూడా అదే చట్టంలో రాయాలని నా అభిప్రాయం. ఇప్పటిదాకా ఏ నిషేధం మీద మాట్లాడినా ఆ భాగం బలహీనంగానే ఉంది.

ఇక మన చట్టం

మన దారి పూర్తిగా వేరు. ఒకప్పుడు మామండూరు, చామల అడవుల్లో దొరలూ జమీందార్లూ షికారుకు తిరిగేవాళ్లు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ కాలాన్ని ముగించింది. 1991 సవరణతో సరదా వేట పూర్తిగా పోయింది. ఇక్కడ కొట్టే లైసెన్సే లేదు కాబట్టి ‘నా ట్రోఫీ లైసెన్సుదే’ అనే మాటకు తావు లేదు. మనుషుల మీద పడే జంతువును, రాష్ట్రంలో వన్యప్రాణులకు బాధ్యుడైన చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఉత్తర్వుతో చంపాల్సి వచ్చినా దాని తోలూ గోళ్లూ దంతాలూ ప్రభుత్వానివే.

విదేశం నుంచి తెచ్చేదాని మీద రెండు వైపుల నుంచి పట్టు ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ, సైటిస్ జాబితాను చట్టంలో నాలుగో షెడ్యూలుగా చేర్చింది. అంతకుముందు ఆ ఒప్పందాన్ని కస్టమ్స్ చట్టం, విదేశీ వాణిజ్య విధానం ద్వారా నెట్టుకొచ్చేవాళ్లు. ఇప్పుడు నేరుగా వన్యప్రాణి చట్టం కిందే కేసు కట్టవచ్చు. కాబట్టి పీలేరాయన పెట్టెకు భారత అధికారి ముందుగా ఇచ్చిన దిగుమతి పర్మిట్ లేకపోతే, నమీబియా లైసెన్సు ఎంత అసలైనదైనా సరుకు జప్తు అవుతుంది. చెన్నైలో వన్యప్రాణి నేర నియంత్రణ బ్యూరో ప్రాంతీయ కార్యాలయం ఉంది, గుర్తుపట్టడానికి కస్టమ్స్ వాళ్లు ఎక్కువ దూరం పోనక్కర్లేదు. పైగా చిరుత మన చట్టంలో గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూలులోనే ఉంది. ఆఫ్రికా చిరుతా శేషాచలం చిరుతా ఒకే జాతి. గోడకు బిగించిన తోలు చూసి ఏ అడవిదో ఇంటికొచ్చిన అధికారి చెప్పలేడు, చెప్పనక్కర్లేదు కూడా.

దంతం సంగతి ఇంకా తేటగా ఉంది. దేశీయ దంతం వ్యాపారాన్ని 1986లో, దిగుమతైన ఆఫ్రికా దంతం వ్యాపారాన్ని 1991లో మన చట్టం ఆపేసింది. మేము పాత రోజుల్లో సుంకం కట్టి చట్టప్రకారమే తెచ్చుకున్నామని వ్యాపారులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2003లో కోర్టు వాళ్ల వాదన ఒప్పుకోలేదు. దిగుమతి దంతానికి అంగడి ఉంటే, దాని చాటున ఇక్కడి ఏనుగు దంతం కూడా అమ్ముడైపోతుందన్నది ఆ నిషేధానికి మూలమైన భయం. నేను మన చట్టం వైపు నిలబడటానికి కారణం కూడా ఇదే. ఇంత జనం, ఇంత పలచని అడవి ఉన్న దేశంలో అసలుకూ నకిలీకీ, అక్కడిదానికీ ఇక్కడిదానికీ తేడా పట్టే యంత్రాంగం ప్రతి ఊళ్లో పెట్టలేం.

మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది పెద్ద తలలతో కాదు, చిన్న వస్తువులతో. చట్టం ట్రోఫీ అనే మాట కింద తోలు, కొమ్ము, ఎముకతో పాటు గోరు, పన్ను, వెంట్రుక, ఈక కూడా చేర్చింది. బంగారంలో పొదిగి పిల్లాడి మెడలో వేసే పులిగోరు ట్రోఫీయే. 2023 అక్టోబరులో కన్నడ టీవీ షోలో పాల్గొంటున్న వ్యక్తి మెడలో పులిగోరు కనబడితే అటవీ అధికారులు షో నుంచే తీసుకెళ్లి అరెస్టు చేశారు. యాత్రాస్థలాల్లో దృష్టి తగలదని అమ్మే ఏనుగు వెంట్రుక ఉంగరం అసలుదైతే నేరం, నకిలీదైతే మోసం. జపానికి కూర్చునే కృష్ణాజినం, అంటే కృష్ణజింక తోలు, మొదటి షెడ్యూలు జంతువుది. రాలిన నెమలి ఈకలకు మాత్రం దేశం లోపల మినహాయింపు ఉంది, వాటిని విదేశాలకు పంపకూడదు. అమెరికాలో ఉన్న అబ్బాయికి నెమలీకల విసనకర్ర పార్సిల్ చేసే ముందు ఇది గుర్తుంటే మంచిది. మొదటి షెడ్యూలు జంతువు విషయంలో శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్లు, జరిమానా కనీసం 25,000 రూపాయలు.

తాతల నాటి దుప్పి కొమ్ములు, పులితోలు ఇంట్లో ఉన్నవాళ్ల పరిస్థితి చిక్కు. యాజమాన్య ధ్రువపత్రం ఉన్న వస్తువు వారసత్వంగా వస్తే 90 రోజుల్లో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు తెలియజేయాలి. అమ్మకూడదు, బహుమతిగా ఇవ్వకూడదు. వద్దనుకుంటే 2022 సవరణలో వచ్చిన 42ఎ సెక్షన్ కింద ఏడు పనిదినాల ముందు నోటీసు ఇచ్చి అప్పగించవచ్చు, పరిహారం రాదు. అయితే ఈ దారి ధ్రువపత్రం ఉన్నవాళ్లకే. లేనివాళ్లకు చివరిసారి 2003 ఏప్రిల్ 18 నుంచి 180 రోజుల గడువు ఇచ్చారు. అప్పుడు పేపరు చూడనివాళ్లు, ఊళ్లో లేనివాళ్లు ఆ వస్తువును అటకెక్కించి, దాని గురించి మాట్లాడటానికే భయపడుతున్నారు. అలాంటి తోలు చివరికి దొంగ బేరగాడి చేతికే చేరుతుంది. స్వాధీనం చేసేవాళ్ల మీద కేసు పెట్టబోమని, ఉంచుకునే హక్కు మాత్రం ఇవ్వబోమని చెబుతూ ప్రభుత్వం మరొక్కసారి గడువు ప్రకటించాలి. అందాకా, ఇంట్లో అలాంటిది బయటపడితే ఎవరికీ అమ్మకుండా, పారేయకుండా, ఫొటో తీసి ఎవరికీ పంపకుండా, వకీలును వెంటబెట్టుకుని తిరుపతిలోనో చిత్తూరులోనో అటవీ శాఖ డీఎఫ్‌ఓ కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు రసీదు తీసుకోవాలి.